డ్రైవరుకు మేలుకొలుపు

మా మాచనపేటలో వెంకటరమణయ్య గొంతు తెలియని గొర్రె కూడా లేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన సీతారామపురం కొండల వారన మందలు తోలాడు. మోకాళ్లు మొరాయించాక జీవాలను తమ్ముడి కొడుకులకు అప్పజెప్పి, రామాలయంలో చీపురు పట్టుకున్నాడు. గుడి ఊడ్చి, దీపం వెలిగించి, తెల్లవారుజామున నాలుగింటికి మైకు ముందు కూర్చుని మేలుకొలుపులు పాడేవాడు. ఆ పాటలన్నీ మంద కాపలాలో పెద్దల నోట విని పట్టుకున్నవే.

ఊరు ఆ గొంతుతోనే లేచేది. పెరుగమ్మే చెంచులక్ష్మి కళ్లు తెరిచి బర్రెల దగ్గరికి పోయేది. పరీక్షలున్న పిల్లలు పుస్తకాలు తీసేవారు. ఎవరైనా మెచ్చుకుంటే వెంకటరమణయ్య సిగ్గుపడేవాడు.

"నాదేముండాది నాయనా, ఆయన పాడించుకుంటా ఉండాడు," అని గుడివైపు చెయ్యి చూపేవాడు.

పాట వినేవాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోయారు. ఒకప్పుడు చుట్టూ ఉన్న పల్లెలన్నిటికీ మా ఊరే బజారు. వానలు ముఖం చాటేశాయి. చదువుకునే పిల్లలున్నవాళ్లు ఉదయగిరికో ఆత్మకూరుకో కాపురాలు మార్చుకున్నారు. రామనారాయణ శెట్టిగారు అంగడికి ఒక్క తలుపే తెరిచి కూర్చునేవారు. రెండో తలుపు తెరిస్తే ఈగలు తప్ప ఎవరొస్తారని ఆయనే నవ్వేవారు.

ఊరిని మళ్లీ ఎలా నిలబెట్టాలా అని ఒకనాటి సాయంత్రం పెద్దలందరూ గుడి ముందు కూర్చున్నారు. రోడ్డు మొగదల ఆర్చి కట్టిద్దామన్నారు ఒకరు. తిరునాళ్ల ఘనంగా చేద్దామన్నారు ఇంకొకరు. టీ అంగడి రేణుకాదేవి గ్లాసులు అందిస్తూ ఆగింది.

"ఆర్చి కట్టి ఎవురికి చూపిస్తారు శెట్టిగారూ? పొద్దున్నే పోయేదానికి బస్సు లేకనే గదా పోయినోళ్లంతా పోయినారు! రేత్రికి బస్సు ఈడ పండుకుంటే చాలు. పొద్దున్నే పిలకాయలు కాలేజీకి పోతారు, పెరుగు హోటళ్లకి పోతాది. పోయినోళ్లు సాయంత్రం ఇంటికొస్తారు. ఇంక ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన పనేముండాది?"

ఆర్చి సంగతి అక్కడితో ఆగింది. మాట నిజం కాబట్టి.

నైట్ హాల్ట్ బస్సు మాకు పూర్వం ఉండేది. జనం లేరని తీసేశారు. అందరూ కలిసి డిపోకు వెళ్లి బతిమిలాడితే అక్కడి అధికారి దయతలచాడు. దసరా దాకా నడిపి చూస్తాం, అయితే డ్రైవర్లు మీ ఊళ్లో పడుకోవడానికి ఇష్టపడాలి సుమా అన్నాడు.

బస్సు వచ్చింది. పేడనీళ్లు చల్లి, ముగ్గేసి, హారతిచ్చి ఊళ్లోకి పిలుచుకున్నాం. చెంచులక్ష్మి పెరుగు క్యాన్లు ఉదయగిరి హోటళ్లకు పోసాగాయి. సీతమ్మగారి మనవరాలు మేఘన హాస్టలు మానుకుని ఇంటినుంచే ఆత్మకూరు కాలేజీకి వెళ్లసాగింది. శెట్టిగారు రెండో తలుపు గొళ్లెం తీసి నూనె రాశారు.

అయితే మొదట వచ్చిన డ్రైవరు మళ్లీ రాలేదు. రెండోవాడూ డ్యూటీ మార్పించుకున్నాడు. మూడోవాడు ఎడ్విన్. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. వంకర మాట ఎరగడు. కొన్నాళ్లకు అతనూ మార్పు అడిగాడని కండక్టరు ఆనందకుమార్ రేణుకాదేవి చెవిన వేశాడు.

"ఎడ్విన్ అన్న కూడా రానంటే ఇంక ఎవురూ రారక్కా. దసరా దాకా కూడా ఉండదు బస్సు."

ఊరు కంగారుపడింది. తిండి సరిపోవడం లేదేమో అనుకుంది. ఇంటికొక కూర పంపింది. ఎడ్విన్ ఎవరినీ నొప్పించలేక ఒక ఇంట్లో సంగటి, ఇంకో ఇంట్లో అన్నం తినేవాడు. బస్సువాళ్లు పడుకునే గుడి అరుగు మీద దోమతెర కట్టారు, కొత్త పరుపు వేశారు. ఒంటరిగా ఉంటే దిగులుపడతాడని వంతులేసుకుని కూర్చుని, నిద్రవేళ దాటేదాకా కబుర్లు చెప్పారు. మా ప్రేమ అలా ఉండేది. అయినా అతని ముఖం నానాటికీ వాడిపోయింది.

ఆ రోజుల్లోనే మైకు మిషను గరగరలాడింది. బాగుచేయించుకు వద్దామని వెంకటరమణయ్య దాన్ని తువ్వాలులో చుట్టి, పొద్దుటి బస్సులో డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాడు. ఒళ్లో మిషను, నోట్లో రామనామం.

కొండ మలుపులు మొదలయ్యాయి. ఎడ్విన్ మాటిమాటికీ బాటిల్ తీసి ముఖాన నీళ్లు కొట్టుకోవడం ఆయన చూశాడు. లోయ పక్క మలుపులో బస్సు ఒక్క క్షణం అంచు మట్టిలోకి జారి, ఉలిక్కిపడ్డట్టు మళ్లీ తారు మీదికి వచ్చింది. ఎవరూ గమనించలేదు. మేఘన పుస్తకం మీద తల వాల్చి నిద్రపోతోంది. చెంచులక్ష్మి క్యాన్లు మోకాళ్ల మధ్య పట్టుకుని కునుకుతోంది.

ఉదయగిరిలో బస్సు ఆగాక ఆయన ఆనందకుమార్‌ను పక్కకు పిలిచాడు.

"ఏమబ్బయ్యా, డ్రైవరుకు ఒంట్లో బాగలేదా?"

"నిద్ర లేదు పెద్దాయనా. మీవాళ్లు మాటలు చాలించి పోయేసరికే పొద్దుపోతా ఉండాది. మళ్లా నాలుగింటికి..." అని ఆగిపోయాడు.

"నాలుగింటికి?"

"మీ పాట బాగుంటాది పెద్దాయనా, అబద్ధం ఎందుకు! కాకపోతే ఆ లౌడుస్పీకరు సరిగ్గా మా తలకాయల మీదనే ఉండాది. తర్వాత ఇంక కన్ను మూతపడదు."

వెంకటరమణయ్య తువ్వాలు మూటలోని మిషను వైపు చూసుకున్నాడు.

"ఒక్క మాట చెప్పకూడదట్రా?"

"నేను చెప్తానన్నాను. అన్న వద్దన్నాడు. 'నేను చర్చికి పోయేవాణ్ణి, గుడి మైకు ఆపమంటే పెద్దాయన మనసు ఏమవతాది, అన్నం పెట్టినోళ్లు ఏమనుకుంటారు' అన్నాడు. ఒంట్లో బాగలేదనే డిపోలో చెప్పుకున్నాడు."

ఆయన వెళ్లి మళ్లీ తన సీట్లో కూర్చున్నాడు. ఆత్మకూరులో దిగాడు గానీ రిపేరు అంగడి వైపు నడవలేదు. బస్టాండు బెంచీ మీద పొద్దుపోయేదాకా కూర్చుని, అదే బస్సులో, అదే తువ్వాలు మూటతో తిరిగొచ్చాడు. ఆ బెంచీ మీద ఆయనా ఆయన రాముడూ ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియదు.

బస్సు దిగగానే శెట్టిగారు ఎదురొచ్చారు.

"ఏంది వెంకటరమణయ్యా, మిషను బాగైందా?"

"చేపించలేదు శెట్టిగారూ. ఇంక మైకు వద్దులెండి."

"వద్దా? మరి రాముణ్ణి నిద్ర లేపేదెట్టా?"

"ఆయనకు నిద్ర యాడిది శెట్టిగారూ! మనం లేపుతున్నామని మురుసుకుంటా పడుకున్నట్టు ఉంటాడంతే. నిద్ర కావాల్సింది ఈ డ్రైవరు పిల్లోడికి. మన బిడ్డలందరూ ఈ అబ్బయ్య చేతుల్లోనే గదా కొండ దిగేది."

సంగతి ఊరంతా తెలిసి, ఆ రాత్రి కబుర్లకు ఎవరూ వెళ్లలేదు. రేణుకాదేవి ఒక్క కంచంలో అన్నం తీసుకెళ్లి, తినగానే లైటు తీసేసి వచ్చింది.

మర్నాడు మాచనపేట మొత్తం ఆలస్యంగా లేచింది. లేపే గొంతు లేదు మరి! చెంచులక్ష్మి జుట్టు ముడేసుకుంటూ పరుగున వచ్చింది. మేఘన ఒక కాలి చెప్పు చేత్తో పట్టుకొచ్చింది. చూస్తే బస్సు చీకట్లో అలాగే ఉంది. గుడి అరుగు మీద ఎడ్విన్, పక్కన ఆనందకుమార్, ఇద్దరూ చంటిబిడ్డల్లా నిద్రపోతున్నారు. బయలుదేరే వేళ దాటిపోతోంది. అందరూ దోమతెర చుట్టూ చేరి గుసగుసలాడారు.

"నువ్వు పిలువు."

"నేను పిలవను తల్లీ. ఎన్నాళ్ల నిద్రో ఏమో."

"ఇట్టా అనుకుంటా ఉంటే పెరుగు పులుస్తాది!" అంది చెంచులక్ష్మి, అదీ గుసగుసగానే.

అప్పుడు వెంకటరమణయ్య గుడిలోంచి వచ్చాడు. దీపం వెలిగించిన చేతులు తుడుచుకుని అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. మనుషుల్ని లేపడం ఆయనకు తెలిసింది ఒక్క విధంగానే. గొంతు సవరించుకుని, పక్కనున్నవాళ్లకు మాత్రమే వినపడేటంత మెల్లగా మేలుకొలుపు అందుకున్నాడు. మైకులో ఎన్నడూ వినపడని ఒక సన్నని వణుకు ఆ గొంతులో ఉందని మాకు ఆ పొద్దుటే తెలిసింది.

ఎడ్విన్ కదిలాడు. కళ్లు తెరిచి, దోమతెర బయట ఊరంతా నిలబడి ఉండటం చూసి బెదిరిపోయి లేచి కూర్చున్నాడు.

"అయ్యో, టైమెంతైంది? లేపొచ్చు గదమ్మా!"

"లేపుతానే ఉండాం గదా నాయనా," అన్నాడు వెంకటరమణయ్య.

ఎడ్విన్ ఆయన వైపు చూశాడు. గుడి మీద మౌనంగా ఉన్న లౌడుస్పీకరు వైపు చూశాడు. ఏదో అర్థమైంది. కళ్లనీళ్లతో ఆ ముసలిచేతుల్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

రేణుకాదేవి గ్లాసు అందించింది. "ముందు టీ తాగన్నా, కళ్లనీళ్లు బస్సు నడపవు," అంది. అందరం నవ్వాం.

ఆ రోజు బస్సు ఆలస్యమై అతను డిపోలో మాట పడ్డాడట. పడి, ఆ పైన మాచనపేట డ్యూటీ నాకే ఉంచండని అడిగాడట. దసరా వచ్చింది, వెళ్లింది. బస్సు ఉంది. శెట్టిగారు ఇప్పుడు తెల్లవారకముందే రెండు తలుపులూ తీస్తున్నారు. ఆత్మకూరుకు కాపురం మారిన ఒక కుటుంబం తాళం వేసిన ఇంటికి సున్నం కొట్టించుకుంటోంది.

వెంకటరమణయ్య మాత్రం ఎప్పటిలాగే నాలుగింటికి లేస్తాడు. చప్పుడు కాకుండా ఊడ్చి, దీపం పెట్టి, డ్రైవరును లేపే వేళ చూసుకుని అరుగు మెట్టు మీద కూర్చుంటాడు. బస్సు కదిలాక రోడ్డు మీద నిలబడి, కొండ మలుపుల్లో ఇంజను చప్పుడు సాఫీగా దిగిపోయేదాకా చెవి ఒగ్గి వింటాడు. అది అణగిపోయాకే లోపలికి వెళ్లి రాముడికి దండం పెట్టుకుంటాడు.