మిరప వేళ్ళతో చక్కెర గులాబీలు

ఈ ఉదయం మా కల్లంలో ఒక బస్తాలోంచి కాయ తీసి విరిచి, గింజల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాను. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పనే. మిరపకాయ సరిగ్గా ఎండిందో లేదో తేల్చడానికి మా వ్యాపారంలో యంత్రాలు అక్కర్లేదు, ఈ రెండు వేళ్ళు చాలు. నలిపిన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంటే న్యాయంగా తుమ్ము రావాలి. నాకు మాత్రం వెనిలా వాసన వచ్చింది. నా మొహంలో నవ్వు చూసి, కాయ తెగ నచ్చేసిందనుకుని, సరుకు తెచ్చిన ఈపూరు రైతు మీసం సవరించుకున్నాడు. పాపం, నాకు గుర్తొచ్చింది ఆయన కాయ కాదు. కేకు మీద గులాబీ. ఆ గులాబీ నేర్పిన మస్తాన్‌బీ ఆపా.

ఆపాని మీరు చూడలేదు కాబట్టి కొలతలు చెబుతాను. మనిషి నాలుగున్నర అడుగులు. గొంతు మాత్రం మాచర్ల రైలు కూతకు సవతి చెల్లెలు. నరసరావుపేటలో ముప్ఫై ఏళ్ళు బేకరీ నడిపి, మోకాళ్ళు మొరాయించాక దాన్ని మూసేసి, మేడ మీద గదిలో సరదాకి నేర్చుకునేవాళ్ళకు కేకుల అలంకరణ నేర్పేది. సరదా అన్నది వచ్చేవాళ్ళకే, ఆపాకి కాదు. ఆ గదిలో ఆవిడ చూపు పడితే క్రీము కూడా నిటారుగా నిలబడేదని నా నమ్మకం.

ఆ మేడ మెట్లు నేనెక్కడానికి కారణం నా నోరు. మా బావమరిది శీను గృహప్రవేశంలో, భోజనాల దగ్గర, రాబోయే మా పాతికేళ్ళ పెళ్ళిరోజు మాట వచ్చింది. కేకు ఎక్కడ చెప్పాలని అందరూ తర్జనభర్జన పడుతుంటే, మూడో బొబ్బట్టు మత్తులో ఉన్న నేను, కేకు నేనే చేస్తాననీ, దానిమీద ఏడాదికొకటి చొప్పున పాతిక గులాబీలు పూయిస్తాననీ ప్రకటించాను. పంక్తి మొత్తం తినడం ఆపేసింది. సాంబారు బకెట్టు పట్టుకున్నవాడు గరిటె గాల్లోనే ఉంచేశాడు.

శీను తాపీగా అన్నాడు, “బావా, ముందు మీ పెరటి గోడ పూర్తిచెయ్యి. కేకు సంగతి తర్వాత చూద్దాం.”

అందరూ విరగబడి నవ్వారు. నవ్వరూ మరి? పదకొండేళ్ళ కిందట నేను మొదలెట్టిన ఆ గోడ బొడ్డు ఎత్తున ఆగిపోయింది. నా హిందీ పరీక్షలు మొదటి పుస్తకంలో ఆగాయి. వేణువు ‘స’ దాటి ‘రి’ చేరలేదు. యోగా అయితే శవాసనంతో మొదలెట్టి, హాయిగా ఉందని అక్కడే ఉండిపోయాను. వీళ్ళ నవ్వులు నాకు కొత్త కాదు. నవ్వనిది ఒక్క మా ఆవిడ వాసంతే. పెరుగు వడ్డిస్తూ నాకొక్కడికే వినపడేలా అంది, “పాతికేళ్ళలో మీరు మొదలుపెట్టి పూర్తిచేసింది ఒక్కటి చూపించండి. కేకు లేకపోయినా పర్లేదు.”

ఇంటికి వచ్చేదాకా వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. ఇక ఆ కేకు పూర్తిచెయ్యకపోతే ఆవిడ మొహం చూడలేననిపించింది. మర్నాడే ఆపా మెట్లెక్కాను. గడువు రెండు నెలలు.

క్లాసులో పదకొండు మంది ఆడవాళ్ళు, నేను. నా వాటాకి పూల పూల ఏప్రను దొరికింది. అది నా పొట్ట చుట్టూ తిరిగి రావడానికి ప్రదక్షిణ చేసినంతసేపు పట్టింది. పల్నాటి ఎండకి క్రీముతో చేసిన గులాబీ కేకు మీద పూసేలోపే పాయసమవుతుందని, ఆపా చక్కెర గులాబీలు నేర్పేది. పంచదార పొడి, జిగురు, కాస్త వనస్పతి, రెండు చుక్కల వెనిలా వేసి పిసికిన ముద్ద. అందులోంచి శనగగింజంత తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పల్చగా నొక్కితే ఒక రేకు. పంటిపుల్లకి ఒక మొగ్గ గుచ్చి, దాని చుట్టూ రేకులు చుడితే గులాబీ. వంద గులాబీలు నిలబడేదాకా ఎవరూ కేకు ముట్టుకోకూడదు. వంకర పువ్వు కనిపిస్తే ఆపా చెయ్యి చాచేది. దాన్ని గుప్పిట్లో నలిపి, ముద్ద చేసి, మళ్ళీ మన చేతిలో పెట్టేది. మొదటి వారం నా చేతిలో పెట్టిన ముద్దలతో ఒక వినాయకుణ్ణి చెయ్యొచ్చు.

అయితే రేకు నొక్కడంలో నాకు సాటి లేదు. ఎందుకుంటుంది, ఆ రెండు వేళ్ళూ పాతికేళ్ళుగా అదే పని మీద ఉన్నాయి కదా. రెండో వారానికే నా రేకులు ఉల్లిపొరల్లా వచ్చాయి. క్లాసంతా నోరెళ్ళబెట్టింది. ఆపా తన పద్ధతి ప్రకారం ఒక రేకు తుంచి, తీపి సరిపోయిందో లేదో చూడ్డానికి నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. మొహంలో ఒక్క గీతైనా కదల్లేదు. కళ్ళల్లోంచి మాత్రం రెండు ధారలు కారాయి. నా పనితనానికి ఆనందబాష్పాలనుకుని నేను తల వంచి దణ్ణం పెట్టాను.

“తమ్ముడూ,” అంది ఆపా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, “ఇది గులాబీనా, మిరపకాయ బజ్జీనా?”

పొద్దున్నే కల్లంలో నలభై బస్తాల కాయ విరిచి చూసి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాను. సబ్బుకి మిరప ఘాటు పోదనీ, అది కొవ్వుని పట్టుకుని వస్తుందనీ, ముద్దలో వనస్పతి తగలగానే నా చర్మంలో దాక్కున్న ఘాటంతా పరుగెత్తుకొచ్చిందనీ ఆపా చెబితేగానీ తెలియలేదు. నా చెవి పట్టుకుని నడిపించినంత పని చేసి, కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. ముందు చేతులకి వేరుశనగ నూనె పట్టించాలి. తర్వాత శనగపిండితో రుద్దాలి. అలా మూడుసార్లు. ఆఖర్న వేలు నాలిక మీద పెట్టి చూసుకోవాలి. “ఊళ్ళో అందరూ చేతులు కడుక్కుని తింటారు, నువ్వు మాత్రం కడుక్కున్నాక చేతుల్ని తిని చూడు” అని క్లాసు ముందే చెప్పింది.

అరవై గులాబీల దగ్గర నేను అలవాటు ప్రకారం ఆగిపోయాను. ఆ వారం ఎండకి నా పువ్వులు పంటిపుల్లల మీదే తలలు వాల్చేశాయి. ఆపా ఒక్కరోజే పద్దెనిమిది నలిపింది. నేను మర్నాడు వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. సీజను కదా, పని ఒత్తిడి అని నాకు నేనే నచ్చచెప్పుకుంటుంటే, నాలుగో రోజు కల్లం ముందు ఆటో ఆగింది. ఆపా దిగి, మోకాళ్ళు పట్టుకుని నడిచి వచ్చి, మిరపకాయ బస్తా మీద సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుంది.

“రావట్లేదేంది?”

మబ్బు పడుతోందన్నాను. కాయ తడుస్తుందన్నాను. ఆవిడ ఆకాశం వైపు చూసింది. దూదిపింజంత మబ్బు కూడా లేదు. అటు పక్కన కూలీలు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఒకసారి ఏరిన కుప్పనే రెండోసారి ఏరుతున్నారెందుకని అడిగింది. మొదటిసారి కొన్ని కంటికి ఆనవు, రెండోసారి ఏరితేగానీ సరుకు కుదరదన్నాను.

“మిరపకాయకి తెలిసింది నీకు తెలియలేదా?” అంది. “నీకు మొదలెట్టటం చానా బాగా వచ్చు తమ్ముడూ. మళ్ళీ మొదలెట్టటమే రాదు. అదొక్కటి నేర్చుకో, గులాబీ దానంతటదే వస్తది.”

ఆ గొంతు కల్లమంతా విన్నది. ఏరేవాళ్ళు తలలు వంచుకుని మరీ శ్రద్ధగా ఏరారు. నేను చేతులకి నూనె రాసుకుని ఆటో ఎక్కాను.

వందో గులాబీ నిలబడి, కేకు ముట్టుకునే అనుమతి దొరికాక పెళ్ళిరోజు వచ్చింది. సాయంత్రం ఆరింటికి చుట్టాలు. మధ్యాహ్నం రెండింటికల్లా పాతిక గులాబీలు వరసగా నిలబడి, గార్డు ఆఫ్ ఆనర్ ఇస్తున్నట్టున్నాయి. కేకు మీదికి ఎక్కించబోతుంటే ఒక రేకు ఊడింది. ఊడిన రేకుని ఏం చేస్తాం, నోట్లో వేసుకున్నాను. గుంటూరు జిల్లా నా నాలిక మీద అంటుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్నే శావల్యాపురం రైతొకాయన గుమ్మంలో నిలబడి చూడమని కాయ చేతికిస్తే, వేళ్ళు నన్ను అడక్కుండానే విరిచి నలిపేశాయి. ఆ హడావిడిలో నూనె మర్చిపోయాను. ఇంకో మూడు గులాబీల రేకులు తుంచి చూశాను. మూడూ బజ్జీలే.

ఆపాకి ఫోన్ చేసి, ఎలాగైనా వచ్చి గట్టెక్కించమని బతిమాలాను. ఆరింటికి అందరితోపాటే వస్తానంది. అప్పటికి నా పరువు పోతుందన్నాను.

“నేను చేస్తే మీ ఆవిడ మార్కులు నాకెయ్యాలా, నీకెయ్యాలా?” అంది. “ఆ ముద్ద పారెయ్. మళ్ళీ మొదలెట్టావా?”

“ఇంకా లేదాపా.”

“మరి ఫోనెందుకు పట్టుకున్నావు?” అని పెట్టేసింది.

పాతిక గులాబీలూ చెత్తబుట్టలో వేశాను. ఒక్కొక్కటి వేస్తుంటే ఒక్కో సంవత్సరం పారేస్తున్నట్టే అనిపించింది. నూనె, శనగపిండి, నూనె, శనగపిండి. వేలు నాలిక మీద పెట్టుకున్నాను. చప్పగా ఉంది. కొత్త ముద్ద పిసికి, మొదటి రేకు నొక్కాను. పన్నెండో గులాబీ దగ్గర తల ఎత్తితే వంటింటి గుమ్మంలో వాసంతి. చెత్తబుట్ట చూసింది, నన్ను చూసింది. హాల్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి, నా గులాబీల వైపు తిప్పి, పీట వేసుకుని కూర్చుంది. ఆరింటికి పదినిమిషాల ముందు పాతికోది నిలబడింది. కాస్త వంకరగా, ఆయాసపడుతున్నట్టు ఉంది. నేనూ అలాగే ఉన్నాను.

శీను తప్పు పట్టడానికే రెండు ముక్కలు తిన్నాడు, దొరక్క మూడోది తిన్నాడు. ఆపా ఒక రేకు తుంచి, ఆ కదలని మొహంతోనే నమిలి, “బజ్జీ కాదు” అంది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద బిరుదు ఎవరికీ రాలేదు. వాసంతి ఆ వంకర గులాబీనే ఏరుకుని మొత్తం తింది. తిని, చెయ్యి తుడుచుకుని, నన్ను అడిగింది, “గోడ ఎప్పుడు?”

గోడ ఆ వేసవిలోనే లేచింది. వంకరొచ్చిన వరస రెండుసార్లు నేనే పడగొట్టించాను. మేస్త్రీ నన్ను పిచ్చివాడనుకున్నాడు. ఇప్పుడు దాని ఎత్తుకి పక్కింటివాళ్ళ మొహం మాకూ, మా మొహం వాళ్ళకీ కనపడక రెండిళ్ళకీ సుఖంగా ఉంది.

ఆపా ఇప్పుడు మాచర్లలో కూతురి దగ్గర ఉంటోంది. మోకాళ్ళు పూర్తిగా సమ్మె చేశాయి, క్లాసు లేదు. గొంతు మాత్రం అలాగే ఉంది. ఇవాళ ఆ ఈపూరు రైతుని పంపించాక ఫోన్ చేశాను. కుశలప్రశ్నలయ్యాక, వేణువు మాత్రం ఇంకా ‘స’ దగ్గరే మూలుగుతోందని చెప్పాను.

“మళ్ళీ మొదలెట్టావా?” అంది.

ఫోను కింద పెట్టి, చేతులకి నూనె రాసుకున్నాను. వేణువు పెదవులకి తగిలేది కదా, శనగపిండితో మూడుసార్లూ రుద్ది, వేలు నాలిక మీద పెట్టి చూసుకున్నాను. బీరువా మీంచి వేణువు దింపి దుమ్ము దులుపుతుంటే, వాసంతి లేచి, వీధి వైపు కిటికీలు మూసి వచ్చి కూర్చుంది.