మంట తెలియని చెయ్యి

తమిళనాడులో మా పాపారపట్టి సంతలో మా అత్త మిరపకాయలు ఎంచుతుంటే అమ్మేవాళ్ళకు ఓపిక పోయేది. గుండు మిరపకాయను చెవి దగ్గర ఆడించి, గింజలు గలగలమంటేనే తీసుకునేది. అవి తాలింపుకు. పొడవు కాయను విరిచి వాసన చూసేది. అవి కారప్పొడిలో రంగుకు. సన్నకాయలు పచ్చడికి గుప్పెడు చాలనేది. ఎనభైల నడుమ పెళ్ళయి బొమ్మిడి నుంచి వచ్చిన నేను ఆమె దగ్గర మొదట నేర్చుకున్న విద్య ఇదే.

ఎండాకాలంలో ఊరమిరపకాయలు పెట్టేవాళ్ళం. కండగల లేతపచ్చ కాయలకు నిలువుగా గాట్లు పెట్టి, ఉప్పు కలిపిన పుల్లటి మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టాలి. బుట్టెడు కాయలు అయ్యేసరికి నా వేళ్ళు నిప్పుల్లా మండేవి. నూనె రాసినా తగ్గేది కాదు. అత్త మాత్రం చెయ్యి కడుక్కొని లేచిపోయేది.

"నీకు మండదా అత్తా?" అని అడిగాను.

"ఈ ఎడంచేతి వేళ్ళకు మంట పోయి ఏడాదాయ పాపా. అలవాటైపోయింది. నీకు గూడా అయితాది."

ఆ చెయ్యిని పక్కింటివాళ్ళు మెచ్చుకునేవారు. నాకూ అలాంటి చెయ్యి ఎప్పుడొస్తుందా అనుకునేదాన్ని.

మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం అత్త ఎండిన కాయలను ఇనుప బాణలిలో వేయిస్తోంది. పక్కన నేను అన్నం వారుస్తున్నాను. ఏదో కాలిన వాసన వచ్చింది. కాయలు మాడుతున్నాయేమో అని చూశాను. అవి బాగానే వేగుతున్నాయి. అత్త ఎడమచేతి చివరి రెండు వేళ్ళు బాణలి అంచుకు ఆనుకొని ఉన్నాయి. ఆమె గరిటె తిప్పుతూ, "అప్పళం గూడా రెండు వేయించేదా?" అని అడుగుతోంది.

మణికట్టు పట్టుకొని లాగాను. చర్మం కొంచెం బాణలికే అంటుకుపోయింది. ఆమె ఆ వేళ్ళను చూసుకొని, "కాలిందా?" అని నన్నే అడిగింది.



మరునాడు ధర్మపురికి బస్సెక్కాం. ఆసుపత్రిలో డాక్టరు ఆమెను కళ్ళు మూసుకోమని, దూదితో తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించమన్నాడు. ఎడమ మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఉంది. దాని మీద మూడుసార్లు తాకాడు. అత్త కదలలేదు. "ఇంకా మొదలుపెట్టలేదా సార్?" అని తమిళంలో అడిగింది.

కుష్టు అన్నాడాయన. ఆరు నెలలు మాత్రలు వాడితే నయమవుతుందని, ఇంట్లో అందరూ కలిసే ఉండవచ్చని కూడా చెప్పాడు. నా చెవికి మొదటి మాట ఒక్కటే ఎక్కింది. ఏడాదిన్నర వయసున్న నా కూతురు రోజూ ఆమె కలిపిన ముద్దలే తినేది.

తిరుగు బస్సులో నేను వేరే సీట్లో కూర్చున్నాను. ఇంటికి వచ్చాక పిల్లను ఆమె దగ్గరకు పోనివ్వలేదు. మూడో రోజు తన కంచం, చెంబు తీసుకుపోయి వసారాలో పెట్టుకుంది. నేను చేసిన పని నాకు అప్పుడు కనిపించింది. కంచం లోపలికి తెచ్చి, అన్నం వడ్డించి ఆమె పక్కనే కూర్చున్నాను.

"భయం లేదా నీకు?" అంది.

"ఉంది అత్తా."

"నాకు గూడా ఉండాది. తిను."

ఆరు నెలలు ఒక్క మాత్ర తప్పలేదు. రోగం పోయింది, మచ్చ మాసిపోయింది. వేళ్ళకు మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. ఇంట్లో వాళ్ళకు కూడా ఎక్కడైనా స్పర్శ పోతుందేమో కనిపెట్టి ఉండమని డాక్టరు అన్న మాట ఆమె మరిచిపోలేదు. నెలకోసారి మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, దూదితో తాకేది. పిల్ల చక్కిలిగిలికి పకపకా నవ్వేది. నేను ఆ దూది నా ఒంటికి తగిలినట్టు తెలిసేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని.