కలికుండలో బెల్లం

కలి అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ముందే చెప్పేస్తాను, మధ్యలో ఆపి అడగొద్దు. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి కుండలో పోసి మూతపెడితే రెండు మూడు రోజులకు పులుస్తాయి. ఆ పులిసిన నీళ్ళే కలి. ఎండాకాలం అందులో ఉప్పు, ఉల్లిపాయ వేసుకుని తాగుతారు. దాంతో అన్నం వండుతారు, అంబలి కాస్తారు. వాడినకొద్దీ కొత్త నీళ్ళు పోస్తారేగానీ కుండను అడుగంటా ఖాళీ చెయ్యరు. ఆ అడుగున మిగిలేదాన్ని మా అత్త ‘మొదలు’ అనేది.

అది అత్త పెళ్ళయి వచ్చేటప్పుడు కొండాపురం నుంచి ముంతలో పెట్టి తెచ్చుకున్న మొదలు. ఇల్లు మారినా, కుండ పగిలినా, అది మాత్రం చావలేదు. పొద్దున్నే పేటలో ఆడవాళ్ళు చెంబులతో మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. గుడి అయ్యగారింటికీ, అంటే మా పాస్టరుగారింటికీ, మా కలే. మనిషి మంచిదా చెడ్డదా అని చూడకుండా అందరికీ పోసేది. ఒక్క తాగుబోతులకు మాత్రం కలి బదులు చీపురు దక్కేది. మాది బాప్టిస్టు కుటుంబం. సారా నిషేధం వచ్చిందని తెలిసిన రోజున అత్త వాడవాడా తిరిగి స్తోత్రం చెప్పించిందట.

ఆమెకు ఇంకో పేరుంది. మాట తప్పని మనిషి. గట్టు తగాదా వచ్చినా, కోడి పోయినా, “ఆయమ్మ ఏం చెప్పినాది?” అని అడిగి అక్కడితో తేల్చుకునేవాళ్ళు.

ఇక నా సంగతి. నేను ఆత్మకూరు పిల్లను. ఉదయగిరి కొండ కింద ఉన్న ఆ పల్లెకు కోడలిగా వచ్చేనాటికి పద్దెనిమిదేళ్ళు. వంటలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. నా కలికుండ కష్టం ఎవరితో చెప్పుకోను! మూత తీస్తే ఆ పులిసిన వాసన నాకు పడేది కాదు. అందరూ చెంబులు చెంబులు తాగుతుంటే నేను ముక్కు మూసుకుని పక్కకు పోయేదాన్ని. “ఆత్మకూరు దొరసానికి కలి దిగదులే,” అనేది అత్త. నాకు ఒళ్ళు మండేది.

మా ఆత్మకూరింట్లో పులుసు పులుపెక్కితే ఇంత బెల్లం వేసి సరిచేస్తారు. పులుపుకు మందు బెల్లం, అంతే! ఒక మంగళవారం అత్త గుడి ఊడవడానికి పోయినప్పుడు కొబ్బరిచిప్పంత బెల్లం చితక్కొట్టి కుండలో వేసి కలిపేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రోహిణి ఎండలు. మర్నాటికే కుండ మీద నురగ లేచింది. చెవి దగ్గర పెడితే లోపల ఎవరో గుసగుసలాడుతున్నట్టు చప్పుడు. వాసన మాత్రం మారింది, పండిన పండు వాసన. చెంబులతో వచ్చినవాళ్ళు మెచ్చుకున్నదే మెచ్చుకున్నారు. “ఏం కలి వదినా ఈ వారం! తాగితే కాళ్ళనొప్పులు కూడా పోతుండాయి!” అయ్యగారి భార్య అయితే రోజుకు రెండు చెంబులు తీసుకుపోయింది. అత్త ముఖం వెలిగిపోయింది. ఇంకో నాలుగు మెప్పులు పడ్డాక అసలు గుట్టు చెబుదామని నేను ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున సారా నిషేధం కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. కొత్తగా వచ్చినవాడు, మీసం కూడా ఇంకా పూర్తిగా రాలేదు. వాకిట్లో నిలబడి గాలి పీల్చాడు. నేరుగా కుండ దగ్గరికి పోయి మూత తీశాడు.

“ఏందమ్మా ఇది? బెల్లం ఊట. సారా కాస్తుండావా?”

సారాకు ఊట వేసేది బెల్లంతోనే. ఆ సంగతి నాకు ఆ క్షణం దాకా తోచలేదు. గుంజ పట్టుకున్నాను.

అత్త నడుముకు కొంగు బిగించింది. “నోరు కడుక్కోని మాట్లాడబ్బయా! సారానా? నా ఇంట్లోనా?”

“వాసన చెప్తుండాదిగా. కుండ పగలగొట్టాల్సిందే.”

అత్త లోపలికి పోయి బైబిలు తెచ్చింది. దాని మీద చెయ్యి పెట్టింది. “దేవుని సాక్షిగా చెప్తుండా. ఈ కుండలో బియ్యం కడుగు, గంజి తప్ప ఇంకేం లేదు. మత్తు లేదు. కావాలంటే నీ కండ్లెదురుగానే తాగి చూపిస్తా.”

“అత్తా,” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. నిజం చెబితే కుండ పోతుంది, అత్త జైలుకు పోతుందేమో, మా ఆయన నన్ను ఆత్మకూరు బస్సెక్కిస్తాడు. ఇంత ఆలోచించేలోగా అత్త పరగడుపున పెద్ద చెంబు ఎత్తి గడగడా తాగేసింది. ఇంకోటి ముంచి వాడి చేతికిచ్చింది. వాడు అనుమానంగా ఒక గుక్క వేశాడు. తర్వాత అనుమానం లేకుండా చెంబంతా వేశాడు. పూర్తిగా తేల్చుకోవాలని ఇంకో చెంబు అడిగాడు.

“కలేనమ్మా,” అన్నాడు చివరికి, కళ్ళు చిన్నవి చేసుకుని. “మా అవ్వ చేసేదానికంటే బాగుండాది.” అని సైకిలెక్కాడు. సైకిలు ముందు కంచెలోకి, తర్వాత ఎదురింటి పేడకుప్పలోకి పోయి, అక్కడినుంచి ఎట్లాగో దారిన పడింది.

అత్త నవ్వింది. నవ్వు ఆపలేకపోయింది. నులకమంచం మీద కూర్చుని కీర్తన ఎత్తుకుంది, రెండో చరణం నాలుగుసార్లు పాడింది. అరగంటకు చరణం మధ్యలో ఆగిపోయింది. రెండు చేతులతో తల పట్టుకుంది.

“ఏమే, నాకు తల తిరుగుతుండాది,” అంది. “నేను దేవుని మీద అబద్ధం చెప్పినానే.”

లేచి కుండను తానే ఎత్తుకుని పోయి కంచె అవతల బోర్లించింది. మొదలుతో సహా. ఒక్క చుక్క మిగల్చలేదు. అంత పొడుగు మనిషి ఒక్కసారిగా పొట్టిదైపోయినట్టు అనిపించింది. బెల్లం మాట నా నాలుక చివరి దాకా వచ్చి, భయంతో వెనక్కిపోయింది.

ఆదివారం గుడిలో ప్రసంగం కాకముందే అత్త లేచి నిలబడింది. “అయ్యగారూ, నేను కుండలో మత్తు లేదని ప్రమాణం చేసినాను. ఉండాది. తాగినాను కూడా. నన్ను ప్రభువు బల్లకు రానీయొద్దు, రొట్టె ముట్టనీయొద్దు.”

గుడి గుసగుసలతో నిండిపోయింది. అయ్యగారు గంభీరంగా, “ఆ కుండలోది ఈ వారం ఇంకెవరు తాగినారో లేవండి,” అన్నారు.

ముందు వరసలో ఆయన భార్యే లేచింది. వెనక ఒక్కొక్కరే లేచారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, తబలా వాయించేవాడు, చందా పళ్ళెం పట్టేవాడు. అయ్యగారు ఎటూ నిలబడే ఉన్నారు కాబట్టి ఆయనకు లేచే పని తప్పింది. కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే. నేనెప్పుడు తాగాను గనక!

అయ్యగారు నావైపు చెయ్యి చాపారు. “చూడండి. కొత్తగా వచ్చిన బిడ్డ. సంఘమంతా జారిపోయినా ఈమె ఒక్కతే నిలబడింది.”

అత్త నావైపు తిరిగింది. శుక్రవారం నుంచి ఆ ముఖంలో నవ్వు చూడలేదు. ఇప్పుడు కళ్ళనీళ్ళతో నవ్వుతూ, పక్కామెతో, “నా కోడలు,” అంది.

ఆ రెండు మాటలు నేను భరించలేకపోయాను. లేచాను. “బెల్లం నేనేసినాను. ఆయమ్మకు తెలవదు. ఆయమ్మ అబద్ధం చెప్పలేదు,” అని ఏడ్చేశాను.

అత్త నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నాలుగో రోజు కొత్త కుండ తెచ్చి నా ముందు పెట్టింది.

“బియ్యం కడుగు నీళ్ళు పొయ్యి,” అంది. “ఇంక ఇది నీ కుండ. దీంట్లో ఏముండాదని ఎవురన్నా అడిగితే, బైబిలు మీద చెయ్యి పెట్టేది నువ్వే.”