మైనస్ పదకొండు

చేపల మార్కెట్‌లో ఎవరైనా ఐస్ పెట్టె మూత తీసినప్పుడు ఆ తెల్లని చల్లటి ఆవిరి మొహానికి తగిలితే, ఇప్పటికీ మరియమ్మ గారు నా వెనకే నిలబడి ఉన్నారనిపిస్తుంది.

యానాంలో మేం పనిచేసిన రొయ్యల కోల్డ్ స్టోరేజీకి ఆవిడ సూపర్‌వైజరు. కనకాలపేట మనిషి. వాళ్ళ నాన్న ఒకప్పుడు మెట్టకూరులో మా పొలానికి కూలికి వచ్చేవారు. ఆ పొలాలన్నీ పోయాక నేను ఆవిడ చేతికింద ఉద్యోగంలో చేరాను. అయినా ఆవిడ నన్ను ‘బాబు గారూ’ అనే పిలిచేవారు. అది నాకు రావలసిన మర్యాదే అనుకున్నాను. గంటగంటకూ శీతల గది ఉష్ణోగ్రత మీటరు చూసి రిజిస్టరులో రాయడం నా పని. ఆ అంకెలకు అర్థమేమిటో ఎవరినీ అడగలేదు. అడగడం మా ఇంటా వంటా లేదు.

చేరిన మూడో రోజు ఉదయం మీటరు మైనస్ పద్దెనిమిది చూపింది. తరవాత మైనస్ పద్నాలుగు. మధ్యాహ్నానికి మైనస్ పదకొండు. అంకె తగ్గుతోంది కనుక చలి పెరుగుతోందనుకున్నాను.

“గది ఇవాళ బాగా చల్లబడిందండీ,” అని గర్వంగా చెప్పాను.

ఆవిడ మీటరు వైపు కూడా చూడలేదు. లోపలికి వెళ్ళి, గడ్డకట్టిన రొయ్యల దిమ్మను వేలి కణుపుతో కొట్టారు. రోజూ ఖంగుమనే దిమ్మ ఆ రోజు తడిచెక్కలా పలికింది.

“పదకొండు దగ్గరుంటాదండి. మిషను ఆగిపోయింది,” అన్నారు.

మీటరు చూడకుండానే అంకె చెప్పేశారు. అయినా తగ్గకుండా, “పద్దెనిమిది కంటే పదకొండు తక్కువే కదా?” అన్నాను.

రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు పక్కున నవ్వారు. “బాబు గారి లెక్కలో ఇంకాసేపాగితే కూర కూడా ఉడికిపోద్దే!” అంది ఒకామె.

మరియమ్మ గారు చెయ్యెత్తి వాళ్ళను ఆపారు. “బయట ఎండ నలభయ్యండి. సున్నా కాడ నీళ్ళు గడ్డకడతాయి. అక్కణ్ణించి ఇంకా కిందకి దిగేకొద్దీ మైనస్ అంకె పెరుగుద్ది, చలీ పెరుగుద్ది. పద్దెనిమిది కాస్తా పదకొండైందంటే, సరుకు ఎండ వేపు నడుస్తున్నట్టండి.”

తలుపు గట్టిగా వేయించి, ఎవరినీ తెరవనివ్వకుండా అక్కడే కూర్చున్నారు. మెకానిక్ వచ్చి మిషను నడిపించేదాకా లేవలేదు. గదినిండా ఉన్న సరుకు దక్కింది.

సాయంత్రం యజమాని వచ్చి రిజిస్టరు తిరగేశారు. “ఎవరిదీ నిర్వాకం?” అని అరిచారు. నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

“నేర్పకుండా కూర్చోబెట్టింది నేనండి. తప్పు నాదే,” అన్నారావిడ.

మా వంశంలో ఎవరి నోటా ఆ మాట విన్న గుర్తు లేదు. యజమాని ముందుకు వెళ్ళాను. “కాదండీ, నేనే అడగలేదు,” అన్నాను. ఉద్యోగం నిలిచింది.

మా బంధువులు కలిస్తే, ఎవరి వాటా ఎంత పోయిందన్న ముచ్చటే. ఎక్కువ పోగొట్టుకున్నవాడే పెద్ద ఇంటివాడు. ఆ పోటీలో ఒకప్పుడు నేనూ గొంతు పెంచేవాణ్ణి. ఇప్పుడు పెంచను. సున్నా కింద పెద్ద అంకె చెప్పి గొప్పవాణ్ణనుకోవడం నాకిక చేతకాదు.