ఆ కుర్రాడి కథ చెప్పే పక్కింటి అంకుల్

పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను యూనివర్సిటీ పార్కింగ్‌లో కారు ఆపుతున్నాను. ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. పీహెచ్‌డీలో కొనసాగాలంటే నెగ్గాల్సిన మౌఖిక పరీక్ష ఆ వారంలోనే ఉంది. అది పోతే చదువూ పోతుంది, వీసా కూడా పోతుంది. ఆయన లేకుండా ఆ గదిలోకి ఎలా వెళ్ళను?

అమెరికాలోని క్యారీ అనే ఊళ్ళో నేను అద్దెకుంటున్న ఇంటి పక్కదే వాళ్ళిల్లు. ఎక్స్-కిరణాల మీద పనిచేసి రిటైరైన ఫిజిసిస్టు ఆయన. మా అమ్మానాన్నలు మిరపకోతలకు వెళ్ళేవాళ్ళు. మా ఇంట్లో బడి గడప తొక్కినదాన్ని నేనే మొదట. అందుకే కాబోలు, ఎవరైనా ప్రశ్న అడిగితే ‘ఇది నీ చోటు కాదు, లేచి వెళ్ళు’ అన్నట్టే వినిపించేది. జవాబు తెలియకపోయినా ఏదో ఒకటి అల్లి చెప్పేసేదాన్ని.

అంకుల్ అది పట్టేశారు. ఆదివారాలు భోజనాల బల్ల దగ్గర ఉత్తుత్తి పరీక్ష పెట్టేవారు. ఆయనా ఆంటీ పరీక్షకులు. నేను నిలబడాలి. మొదటి ప్రశ్న ఎప్పుడూ నాకు రానిదే. “నాకు తెలియదండీ” అని చెప్పాకే రెండోది.

“గొణక్కు అమ్మాయ్. పక్కవీధికి వినపడాలి.”

“పాపం, దాన్ని వణికించకండి. మీకు మాత్రం ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలుసా?” అనేవారు ఆంటీ.

“తెలియదు!” అని అరిచేవారు అంకుల్. “చూశావా, ఎంత తేలికో?”

ఆయన పదేపదే చెప్పే కథ ఒకటుంది. పోయిన శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో పనిచేసిన ఒక భౌతిక శాస్త్రవేత్తది. పేరు పలక్కుండా ‘ఆ కుర్రాడు’ అనేవారు. పండితుల ఇంట పుట్టాడట. మూలకాల నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను ఓపిగ్గా కొలిచి, మూలకాలకు ఒక వరస కుదిర్చాడు. కొన్నిచోట్ల ఏదీ ఇమడలేదు. అక్కడ ఖాళీ వదిలి, ఇక్కడ ఒకటి ఉండాలి, ఇంకా దొరకలేదు అన్నాడు. ఆ ఖాళీలు అతను పోయాక నిండాయి. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే, వద్దన్నా వినకుండా సైన్యంలో చేరి, ఇరవై ఏడేళ్ళకే తూటాకి బలైపోయాడు. అక్కడికి వచ్చేసరికి అంకుల్ గొంతు తగ్గిపోయేది, కబురు అప్పుడే అందినట్టు.

ఈ వేసవిలో ఆయన్ని ఆసుపత్రికి, సీటీ స్కాన్‌కి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. జీవితమంతా ఎక్స్-కిరణాలతో గడిపిన మనిషి, సీట్‌బెల్ట్‌ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.

“భయమేస్తోంది అమ్మాయ్.”

“మీకా, అంకుల్?”

“నాకే. అందులో కనపడేది చదవడం నాకు వచ్చు కదా.”

“యుద్ధంలో ఆ కుర్రాడు భయపడ్డాడా?” అని అడిగాను.

సీట్‌బెల్ట్ వదిలి నా వైపు తిరిగారు. “అది నాకు తెలియదు. తెలియనిచోట ఖాళీ వదిలేయాలి. ధైర్యవంతుడు అని రాసేయకూడదు.”

ఆయన గురించి రాస్తూ నేనూ అదే పాటిస్తున్నాను. ఆఖరి రోజున ఆయన ఏమనుకున్నారో నాకు తెలియదు.

అంత్యక్రియల మర్నాడే పరీక్ష. కాసేపటికే నాకు రాని ప్రశ్న వచ్చింది. ఏదో అల్లబోయి ఆగి, “ఐ డోంట్ నో” అన్నాను, గట్టిగానే. సూట్‌కేసు సర్దుకుంటున్నట్టు నాకు నేనే కనిపించాను. అప్పుడొక ప్రొఫెసర్, తెలుసుకోవాలంటే ఏం కొలుస్తావని అడిగారు. అది చెప్పగలిగాను. పాసయ్యాను.

ఆంటీకి చెబుదామని వెళ్తే గరాజ్ తలుపు తీసి ఉంది. ఇన్నేళ్ళూ పక్క సీట్లోనే కూర్చుని తిరిగిన ఆంటీ, కారులో అంకుల్ డ్రైవింగ్ సీట్లో ఉన్నారు.

“పాసయ్యానాంటీ.”

తలూపారు. “బ్రేకు ఏదే ఇందులో?” అన్నారు, నా వైపు చూడకుండా.

సీటు ఇంకా అంకుల్ పొడుగుకు తగ్గట్టు వెనక్కే ఉంది. ఆంటీ స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని ముందుకు జరిగారు. అయినా పాదాలు పెడళ్ళకు అందలేదు.