గేరు రాడ్డు మీద నా బొంగరం

పోచమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

మొన్న మానుకోటలో ఎవరో ఇనుము కోస్తుంటే, ఆ వాసనకు మా నాయిన జీపు గుర్తొచ్చింది. గూడూరు నుంచి కొత్తగూడకు ఆయన అందులో కిరాయికి జనాన్ని చేరవేసేవాడు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. బడి లేని రోజు నన్ను ముందు సీట్లో నడుమ కూర్చోబెట్టుకునేవాడు. పొడుగాటి గేరు రాడ్డు మాటిమాటికీ నా మోకాలికి తగిలేది.

ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం నాయిన ఆ రాడ్డును హ్యాక్సా బ్లేడుతో జానెడు కోసేశాడు. ఇక దానికి పిడి కావాలి.

"నీ బొంగరం ఇస్తవా బిడ్డా?"

"నా మోకాలికి తగలకుండనే కోసినవా నాయినా?"

ఆయన బొంగరం మొల పీకుతూ, "జర గా పానా అందియ్యి" అన్నాడు.

తెల్లారి జీపెక్కబోతే నా చోట ఒక లావుపాటి పెద్దమనిషి ఉన్నాడు. రాడ్డు పొట్టిదైతే నడుమ ఇంకో మనిషి పడతాడట.

"నువ్వు ఇంటికాడ ఉండు బిడ్డా," అని, నా మొహం చూసి నాయిన నన్ను ఒళ్లోకి లాక్కున్నాడు. బొంగరం పట్టుకుని గేర్లన్నీ నేనే మార్చాను. మా జోరుకు కొత్తగూడ అడవిలో టేకు చెట్లు పక్కకు జరిగి దారిచ్చాయి.

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. చెట్లు జరగడం నిజమే. నాయిన ఒళ్లోకి లాక్కోవడమే కల్పించాను. నా బొంగరం రోజూ కొత్తగూడ పోయి వచ్చేది. నేను ఉత్త తాడు చేతికి చుట్టుకుని గడప మీద కూర్చునేవాణ్ణి.