వానాకాలంలో కొలవని చప్పుడు

నిన్న పొద్దున్నే సార్ కూతురు సునీత ఫోన్. "అక్కా, డాడీ లేస్తలేడు" అంది.

నాకు బుర్రకెక్కలేదు. "లేచాక ఒకసారి ఫోన్ చేయమను" అన్నాను. ఎంత పిచ్చిదాన్ని.

ప్రభుదాస్ సార్ ఇక లేరు. నిద్రలోనే గుండె ఆగిందట.

మీలో చాలామందికి ఆయన తెలియదు. నా మొదటి ఉద్యోగంలో నా బాస్. ఎయిర్‌పోర్ట్‌ల చుట్టుపక్కల ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చడానికి విమానాల చప్పుడు కొలిచేవాళ్లం. కొలిచిన రోజుల సగటు తీసి, ఒకే స్థాయి చప్పుడున్న చోట్లన్నీ కలుపుతూ మ్యాప్ మీద గీత గీస్తాం. నాయిస్ కాంటూర్ అంటారు. ఆ గీత లోపల బడి కట్టకూడదు. బయట కట్టుకోవచ్చు.

సార్‌కు ఒక అలవాటు.

మాట్లాడుతుండగా విమానం వస్తే ఠక్కున ఆగిపోయేవారు. చూపుడువేలు పైకి. అది వెళ్లిపోయాక, ఆపిన మాట దగ్గర నుంచే మళ్లీ షురూ. మీటర్ పక్కన నిలబడీ నిలబడీ వచ్చిన అలవాటు.

ఒకసారి మోండా మార్కెట్‌లో వంకాయలు బేరమాడుతూ అలాగే ఆగిపోయారు. కూరగాయలామె హడలిపోయి, "ఏందయ్యా గట్ల జూస్తవ్? తీస్కో, నీ రేటుకే తీస్కో!" అని సంచిలో పోసేసింది. నెల రోజులు ఆఫీసులో అదే జోకు.

ఇప్పుడు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను.

పదేళ్ల కింద ఒక ఎయిర్‌ఫీల్డ్ పక్కన సర్వే చేశాం. ఏ రోజుల్లో కొలవాలో నిర్ణయించింది నేను. మైకు మీద చినుకు పడితే రీడింగ్ చెడిపోతుందని, వానాకాలం మొత్తం వదిలేసి చలికాలం రోజులే ఎంచుకున్నాను. భలే తెలివి!

వానాకాలంలో గాలి తిరుగుతుంది. విమానాలు గాలికి ఎదురుగా ఎగరాలి కాబట్టి అవీ తిరుగుతాయి. ఆ నెలలన్నీ పడమటి వైపు కాలనీ నెత్తి మీదుగానే ఎగురుతాయి.

మా మ్యాప్‌లో ఆ కాలనీ గీత బయటికి వచ్చింది. అక్కడ బడి కట్టారు. బడి తెరిచాక, మొదటి వానలకు గానీ మాకు తప్పు తెలియలేదు.

ఆఫీసులో నిలదీస్తే సార్ ఒకటే అన్నారు. "సంతకం నాది. తప్పు సుత నాదే."

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

మ్యాప్ ఎవరూ మార్చలేదు. రిటైరయ్యాక ఆయన సొంత మీటర్ కొనుక్కుని, ప్రతి వానాకాలం కాప్రాలోని ఇంటి నుంచి బస్సెక్కి ఆ బడికి వెళ్లి చప్పుడు కొలిచేవారు. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు.

విమానం వచ్చింది. టీచర్ చాక్‌పీస్ పట్టుకుని ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలంతా చెవులు మూసుకున్నారు. అది వెళ్లాక ఎక్కం మళ్లీ మొదలు.

"సగటు ఎవ్వరికీ వినపడదమ్మా. విమానమే వినపడతది" అన్నారు సార్.

చెవుల మీద ఆ చిన్న చిన్న చేతులు నన్ను ఇప్పటికీ వదలవు.

మొన్న సాయంత్రం ఫోన్ చేశారు. "బడి దగ్గర కొలిచిన రిపోర్ట్ అయిపోయిందమ్మా. సోమవారం ఆఫీసుల ఇస్తున్న. అన్ని రాసిన గని, ఒక్క జాగల మాత్రం నువ్వు..."

విమానం. ఆయన ఆగారు. నేనూ ఆగాను.

అది వెళ్లేసరికి అక్కడ సునీత అన్నానికి పిలుస్తోంది. "రేపు చెప్తా తీ" అని పెట్టేశారు. ఆపిన మాటను ఆయన అందుకోకపోవడం నేనెరిగి అదే మొదటిసారి.

ఇవాళ పొద్దున సమాధుల తోటలో పాస్టర్ గారి ప్రార్థన మధ్యలో పైనుంచి విమానం వెళ్లింది. ఆయన గొంతు పెంచి చదువుతూనే ఉన్నారు. నేనూ సునీతా పెట్టె వైపే చూస్తున్నాం. చప్పుడు తగ్గాక సార్ ఆపిన ఆ మాట వినిపిస్తుందేమోనని ఎదురుచూశాను. నిజంగా ఎదురుచూశాను.

తర్వాత ఇంట్లో సునీత రిపోర్ట్ నా చేతిలో పెట్టింది. "మీకు చూపెట్టినంకనే ఇస్తనన్నడు అక్కా."

చివరి పేజీలో ఒక వరుస. "పాత సర్వే రోజులు నిర్ణయించినవారు." దాని ఎదురుగా ఖాళీ.

ఈసారి తన పేరు రాసుకోలేదు. నా పేరూ రాయలేదు. నాకోసం ఆగారు.

ఇందాక ఆ ఖాళీలో నా పేరు రాశాను. సోమవారం నేనే తీసుకెళ్లి ఇస్తున్నాను. మీ అందరికీ చెప్పేస్తున్నాను, మళ్లీ వెనక్కి తగ్గకుండా.

సార్, మీరు ఆపిన మాట నేను అందుకున్నాను.

విమానం వెళ్లిపోయింది. వేలు దించి, ఇక ప్రశాంతంగా పడుకోండి.